టగ్గు వేషం కట్టిన పడవ

అమెరికా వాయవ్య మూలన, వాషింగ్టన్ రాష్ట్రంలో అనకోర్టెస్, లా కానర్ లాంటి చిన్న ఊళ్ళున్నాయి. వాటి పడవల రేవుల్లో ఒక తమాషా రకం పడవ కంటబడుతుంది. ముక్కు ఎత్తుగా, నిటారుగా ఉంటుంది. దాని వెనకే చుట్టూ అద్దాలున్న వీల్‌హౌస్, అంటే పడవ నడిపే గది, ఆ వెనక రంగు పట్టీ వేసిన పొగగొట్టం. పక్కల్లో గట్టుకు ఒరుసుకున్నా దెబ్బ తగలకుండా లావుపాటి అంచు. దూరం నుంచి చూస్తే పెద్ద ఓడల్ని రేవులోకి తెచ్చే టగ్గు అనిపిస్తుంది, కాస్త పొట్టిది అంతే. కానీ ఇది పుట్టాక ఏ ఓడనూ లాగి ఉండదు. లోపల పడకగది, వంటిల్లు, స్నానాల గది, చలికి డీజిల్ హీటరు. వేసవి వస్తే రిటైరైన దంపతులు ఇందులో కెనడా దీవుల వైపు బయల్దేరతారు. నార్డిక్ టగ్, అమెరికన్ టగ్, రేంజర్ టగ్ అని కంపెనీ పేర్లలోనే టగ్గు ఉంది. తైవాన్‌లో కట్టిన లార్డ్ నెల్సన్ విక్టరీ టగ్ అనే 37 అడుగుల పాత రకానికి ఇప్పటికీ అభిమానులున్నారు.

వీటికి సెకండ్ హ్యాండ్ గిరాకీ బాగానే ఉంటుంది. ఇరవై ఏళ్ళు దాటిన 32 అడుగుల పడవ కూడా లక్ష డాలర్ల పైనే పలుకుతుంది. అమ్మకం ప్రకటనలు ఇంచుమించు ఒకే మూసలో ఉంటాయి. ఒకే డీజిల్ ఇంజను, 220 హార్స్‌పవర్. రెండు వేల గంటలు నడిచింది. బో థ్రస్టర్ ఉంది. మంచినీటి రేవులో ఉంచాం. కొత్త జింకులు వేశాం. అడుగుకు కిందటేడు రంగు కొట్టించాం. కొనేవాళ్ళు ఎక్కువగా ఫొటోలు చూస్తారు, కుర్చీల గుడ్డ ఎలా ఉందో చూస్తారు. అసలు సంగతంతా ఆ పొడి పొడి వాక్యాల్లోనే ఉంది. నీళ్ళు పడవను ఎలా అడ్డుకుంటాయి, ఎలా తింటాయి అన్న రెండు ప్రశ్నలకు జవాబులు అక్కడే దొరుకుతాయి.

ముందు ఈ వేషం సంగతి. 1979లో ఇరాన్ విప్లవం వచ్చాక అమెరికాలో పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరాయి. గంటకు పీపాలకొద్దీ పెట్రోలు తాగే విహార పడవలను కొనడానికి జనం జంకారు. అప్పటిదాకా సెయిల్‌బోట్ల వ్యాపారంలో ఉన్న జెర్రీ హస్టెడ్ తక్కువ ఇంధనంతో నడిచే పడవ ఒకటి కావాలనుకున్నాడు. లిన్ సెనోర్ అనే డిజైనరు 26 అడుగుల పడవ గీసిచ్చాడు. 1980 సియాటెల్ బోట్ షోలో అది జనం ముందుకొచ్చింది. చిన్న డీజిల్ ఇంజను, ముప్పై వేల డాలర్ల లోపు ధర. అదే మొదటి నార్డిక్ టగ్. నిదానంగా పోయే పడవకు దూసుకుపోయే పడవ ఆకారం ఇస్తే కొన్నవాడు నలుగురిలో నవ్వులపాలవుతాడు. టగ్గు ఆకారమిస్తే దాని నిదానాన్ని ఎవరూ తప్పుపట్టరు. నన్నడిగితే ఆ పడవలో అన్నిటికన్నా తెలివైన డిజైను అదే.

అసలు టగ్గు పని వేరు. 1803 మార్చిలో స్కాట్లాండ్‌లోని ఫోర్త్ అండ్ క్లైడ్ కాలువ మీద విలియం సిమింగ్టన్ తయారు చేసిన షార్లెట్ డండాస్ అనే ఆవిరి పడవ, డెబ్బై టన్నుల పడవలు రెంటిని గ్లాస్గో వైపు దాదాపు 30 కిలోమీటర్లు లాక్కుపోయింది. ఆ రోజు ఎదురుగాలికి కాలువలో మరో పడవ కదల్లేదు. గోదావరి కాలువల్లో సరుకు పడవలను గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగినట్టే అక్కడ గుర్రాలు లాగేవి. గుర్రాలు చెయ్యలేని పనిని యంత్రం చేసి చూపించింది. అయినా కాలువ యజమానులు దాన్ని వద్దన్నారు. పడవ లేపే అలలకు గట్లు కోసుకుపోతాయని వాళ్ళ భయం. ఈ అలల గొడవ ముందు ముందు మళ్ళీ వస్తుంది.

విశాఖ వెళ్ళి చూడండి. ఇన్నర్ హార్బర్‌కు వచ్చే ఓడ డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఇరుకు చానెల్‌లో దూరాలి. అంత మెల్లగా వచ్చేటప్పుడు ఓడ చుక్కాని మాట వినదు. టగ్గులు తాళ్ళు కట్టి, పక్కల్లో ముక్కు ఆనించి, దాన్ని దారిలో పెట్టాలి. టగ్గు బలాన్ని లెక్కగట్టేది వేగంతో కాదు, లాగుడుతో. గట్టు మీది ఇనప గుంజకు తాడు కట్టి ఇంజను పూర్తిగా తిప్పితే తాడు మీద ఎన్ని టన్నుల బిగువు పడుతుందో చూస్తారు. రేవుల్లో పనిచేసే టగ్గుకు 50 టన్నుల లాగుడు కావాలంటే ఇంజన్లు నాలుగు వేల హార్స్‌పవర్ దాకా ఉండాలి. మన విహార పడవకు ఉన్నది 220.

టగ్గు ఆకారంలో ప్రతిదానికీ ఒక కారణముంది. ఎదురొచ్చే కెరటం డెక్కు మీదికి ఎక్కకుండా ముక్కు ఎత్తు. సరంగుకు నాలుగు పక్కలా కనబడాలని వీల్‌హౌస్ ముందుకు, పైకి. తాడు ఆ పక్కకూ ఈ పక్కకూ అడ్డం లేకుండా తిరగాలని వెనుక డెక్కు పల్లంగా, ఖాళీగా. తాడు తగిలించే కొక్కెం మాత్రం చివర ఉండదు, పడవ నడిమికి దగ్గరగా ఉంటుంది. చివర కడితే బిగుసుకున్న తాడు పడవ వెనుక భాగాన్ని కదలనివ్వదు, చుక్కాని ఎంత తిప్పినా పడవ తిరగదు. నడిమికి కట్టడంలోనూ ప్రమాదం లేకపోలేదు. తాడు అడ్డంగా బిగిస్తే టగ్గే బోర్లా పడుతుంది, అలా పోయిన టగ్గులు చాలానే ఉన్నాయి.

విహార పడవ ఇందులో పనికొచ్చినవి ఏరుకుంది. ఎత్తు ముక్కూ, ముందున్న వీల్‌హౌసూ వానలో, చలిలో నడిపేవాడికి సుఖం. పల్లంగా ఉన్న వెనుక డెక్కు మీద కుర్చీలు వేసుకుని గాలం వెయ్యొచ్చు. కొక్కెం తీసేసింది. పొగగొట్టం మాత్రం ఉత్త అలంకారం. ఇంజను పొగను సముద్రపు నీళ్ళతో కలిపి చల్లార్చి, పడవ వెనక గొట్టం గుండా బయటికి వదులుతారు. పైన కనిపించే గొట్టంలోంచి పొగ రాదు. పడవను బట్టి అందులో గ్యాస్ సిలిండర్ పెట్టుకుంటారు, లేదా ఇంజను గదికి గాలి వెళ్ళే దారిగా వాడుకుంటారు.

ఇక వేగం. ఇలాంటి పడవ ఏడు నాట్ల దగ్గర హాయిగా పోతుంది. నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు, కాబట్టి ఇది గంటకు 13 కిలోమీటర్లు, తొక్కగలిగినవాడు సైకిలు మీద దాటిపోయే వేగం. ఇంజను ఇంకొంచెం పెంచుదాం. ఏడున్నర, ఎనిమిది. ఇక్కణ్నించి ఇంజను గోల పెరుగుతుంది, ముక్కు లేస్తుంది, వెనుక కుంగుతుంది, వేగం చూపే ముల్లు మాత్రం కదలదు. నీళ్ళలో గోడ కట్టినట్టే ఉంటుంది.

ఆ గోడను కట్టేది పడవే. పడవ ముక్కు నీళ్ళను పక్కలకు తోస్తే అక్కడ ఒక అల లేస్తుంది. ఆ అల పడవతోపాటే పోవాలి. లోతైన నీళ్ళలో అల వేగానికీ దాని పొడవుకూ లంకె ఉంది. పొడవైన అలలు వేగంగా పోతాయి, పొట్టివి మెల్లగా పోతాయి. వేగం రెట్టింపయితే పొడవు నాలుగు రెట్లు కావాలి. పడవ ఐదు నాట్లతో పోతుంటే దాని అల పొడవు నాలుగు మీటర్ల చిల్లర. పక్క నుంచి చూస్తే పడవ పొడవునా రెండు మూడు శిఖరాలు కనిపిస్తాయి, పడవ వాటి మీద బల్లపరుపుగా కూర్చుంటుంది. ఏడున్నర నాట్లకు వచ్చేసరికి అల పొడవు తొమ్మిదిన్నర మీటర్లు, అంటే ఇంచుమించు 32 అడుగులు. నీటిగీత దగ్గర పడవ పొడవూ అంతే. ఒక శిఖరం ముక్కు కింద, తర్వాతి శిఖరం తోక కింద, మధ్యలో పల్లం. ఇంకొంచెం తోస్తే వెనుక శిఖరం పడవను దాటి వెనక్కి జారిపోతుంది, తోక పల్లంలో పడుతుంది. అక్కణ్నించి పడవ తాను లేపిన గుట్టను తానే ఎక్కుతున్నట్టు లెక్క. ఎంత ఎక్కినా గుట్ట ముందుకు జరుగుతూనే ఉంటుంది.

నావికులకు దీనికో సులువు లెక్క ఉంది. నీటిగీత పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్లలో వేగం వస్తుంది. 25 అడుగులకు 6.7, 32 అడుగులకు 7.6, 36 అడుగులకు 8. వంద మీటర్ల ఓడకు 24 పైన. చిన్న పడవ నిదానానికి, పెద్ద ఓడ వేగానికి ఇంజను ఒక్కటే కారణం కాదు. పొడవే సగం పని చేస్తుంది.

ఈ సంగతిని కొలతల్లోకి తెచ్చినవాడు విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు. రైల్వే పనుల నుంచి తప్పుకుని డెవన్ తీరంలో స్థిరపడ్డాడు. 1867లో డార్ట్ నది మీద రెండు నమూనా పడవలను చిన్న ఆవిరి లాంచీకి కట్టి లాగించి చూశాడు. వాటిలో ఒకటి మొండి ముక్కు ‘స్వాన్’, రెండోది వాడి ముక్కు ‘రేవన్’. చూడ్డానికి రేవనే నీళ్ళను కోసుకుపోవాలి. తక్కువ వేగంలో అలాగే జరిగింది కూడా. వేగం పెంచేకొద్దీ స్వాన్‌కే ఎదురు తక్కువైంది. కంటికి నచ్చిన ఆకారాన్ని నమ్మి లాభం లేదని తేలిపోయింది. తర్వాత బ్రిటిష్ నౌకాదళం రెండు వేల పౌండ్లు ఇస్తే టార్కీలో తన ఇంటి దగ్గరే పొడవాటి నీళ్ళ తొట్టి కట్టించి, మైనంతో చేసిన నమూనాలను దాంట్లో లాగించాడు. 1870ల మొదట్లో గ్రేహౌండ్ అనే నిజం ఓడను సముద్రంలో మరో ఓడతో లాగించి, నమూనా లెక్కలు సరిపోతున్నాయని చూపించాడు. చిన్న నమూనా నుంచి పెద్ద ఓడ ఎదుర్కొనే నిరోధాన్ని అంచనా కట్టడం అక్కడే మొదలైంది. అలల వల్ల వచ్చే ఎదురునీ, నీళ్ళు పడవ ఒంటిని రాసుకుపోవడం వల్ల వచ్చే ఎదురునీ విడదీయాలన్నది అతని అసలు ఆలోచన. రెండూ వేరు వేరు సూత్రాలతో పెరుగుతాయి కాబట్టి వాటిని కలిపి లెక్కపెడితే జవాబు తప్పుతుంది.

మరి ప్రకటనలో 220 హార్స్‌పవర్ ఎందుకు? ఏడు నాట్లకు అందులో ఐదో వంతు చాలు. ఇక్కడే ఈ పడవల అడుగు భాగంలోని కిటుకు ఉంది. ముందు భాగం లోతుగా, సన్నగా, నిజం టగ్గులా ఉంటుంది. వెనక్కి పోయేకొద్దీ అడుగు చదునవుతుంది. బలంగా తోసినప్పుడు ఆ చదును కింద నీళ్ళు పైకి ఒత్తుతాయి, తోక పల్లంలోకి కుంగకుండా ఆపుతాయి. స్పీడ్‌బోటులా పూర్తిగా నీటి మీదికి లేవదు, పాత టగ్గులా గుట్ట వెనకే ఇరుక్కోదు. రెంటికీ మధ్య ఒగర్చుకుంటూ పద్నాలుగు, పదిహేను నాట్ల దాకా పోతుంది. దానికి ఖర్చుంది. డీజిల్ ఇంజను ఒక గ్యాలనుతో సుమారు 18 నుంచి 20 హార్స్‌పవర్‌ను గంటసేపు ఇస్తుంది. ఆ లెక్కన ఏడు నాట్ల దగ్గర గంటకు రెండు గ్యాలన్లు, అంటే ఏడున్నర లీటర్లు. పద్నాలుగు దగ్గర పది గ్యాలన్లకు తగ్గదు. వేగం రెట్టింపు, ఖర్చు ఐదు రెట్లు.

దూరంతో చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. సియాటెల్ నుంచి అలాస్కాలోని కెచికాన్‌కు దీవుల మధ్య దారిలో సుమారు 650 నాటికల్ మైళ్ళు. ఏడు నాట్లతో పోతే 93 గంటలు, 186 గ్యాలన్లు. పద్నాలుగుతో పోతే 46 గంటలు, 460 గ్యాలన్లు. రోజుకు ఆరేడు గంటలు నడిపి సాయంత్రానికి ఏదో ఒక చిన్న అఖాతంలో లంగరు వేసుకునేవాళ్ళకు మొదటిదే దారి. 220 హార్స్‌పవర్ పెట్టుకుని నలభైతో నడపడం దండగ కాదా అని అడగొచ్చు. కొంత దండగే. గాలివాన ముందు రేవు చేరాలన్నప్పుడు మాత్రం మిగతాది అక్కరకొస్తుంది.

ఆ దారిలోనే నిదానం పరీక్షకు నిలిచే చోటు ఒకటుంది. కెనడాలో వాంకూవర్ దీవికీ క్వాడ్రా దీవికీ మధ్య సీమోర్ నేరోస్ అనే ఇరుకు. పోటు, పాటు సమయాల్లో అక్కడ నీళ్ళు పదిహేను నాట్ల దాకా పరుగెత్తుతాయి. ఏడు నాట్ల పడవ దానికి ఎదురు పోలేదు, దానితో కలిసి పోదామన్నా సుడుల్లో చుక్కాని పనిచెయ్యదు. ఆ ఇరుకు నడిమధ్య రిపుల్ రాక్ అనే మునిగిన బండ ఒకటి ఓడలను పొట్టన పెట్టుకునేది. 1958 ఏప్రిల్ 5న కెనడా ప్రభుత్వం దాని కిందికి సొరంగం తవ్వించి, వెయ్యి టన్నులకు మించిన పేలుడు పదార్థంతో తల ఎగరగొట్టింది. బండ పోయింది, ప్రవాహం పోలేదు. పోటు తిరిగే వేళ కొద్ది నిమిషాలు నీళ్ళు నిలుస్తాయి, ఆ కాస్త సమయానికే పడవలన్నీ వరసకట్టి దాటాలి. ఈ పడవ కొన్నవాడికి పోటుపాట్ల పట్టిక ఇంజను మాన్యువల్‌తో సమానం.

ఇక ‘ఒకే ఇంజను’, ‘బో థ్రస్టర్’ కలిపి చదవాలి. ఒకే ప్రొపెల్లర్ ఉన్న పడవకు రివర్స్ వేస్తే అది నేరుగా వెనక్కి రాదు, ఒక పక్కకు నడుస్తుంది. కుడివైపు తిరిగే ప్రొపెల్లర్ అయితే తోక ఎడమకు లాగుతుంది. షాఫ్టు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి దిగే రెక్కకూ లేచే రెక్కకూ నీటి మీద పట్టు ఒకేలా ఉండదు. పైగా రివర్స్‌లో మెలి తిరుగుతూ వచ్చే ధార పడవ ఒంటికి ఒక పక్క బలంగా, ఇంకో పక్క జారుగా తగులుతుంది. ఆ సమయంలో చుక్కాని మీదికి ధార రాదు, అందుకే అది తిప్పి లాభం లేదు. తెలిసినవాడు గట్టును ఎడమ పక్క ఉంచుకుని వస్తాడు, రివర్స్ వెయ్యగానే తోక తనంతట తానే గట్టుకు ఆనుకుంటుంది. కుడి పక్కనే ఆపాల్సి వచ్చి, ఎత్తైన వీల్‌హౌస్‌ను గాలి తోస్తుంటే, అప్పుడు ముక్కు దగ్గర అడ్డంగా అమర్చిన చిన్న మోటారు, అదే బో థ్రస్టర్, పరువు కాపాడుతుంది.

ఒకే ఇంజను వల్ల ఇంకో లాభం ఉంది. ప్రొపెల్లర్ పడవ మధ్య గీతలో, అడుగున వెన్నెముకలా ఉండే కీల్ చాటున ఉంటుంది. ఆ ప్రాంతంలో కలప వ్యాపారం పాతది. అడవిలో కొట్టిన దుంగలను తెప్పలుగా కట్టి నిజం టగ్గులు ఇప్పటికీ లాగుతుంటాయి. తెప్ప నుంచి తప్పిపోయిన దుంగ నీళ్ళు తాగి, నిలువుగా మునిగి, తల మాత్రం నీటిమట్టానికి తెచ్చి తేలుతుంది. దాని మీదికి ఎక్కిన రెండు ఇంజన్ల పడవ ప్రొపెల్లర్ వంచుకుంటుంది. కీల్ ఉన్న పడవ చాలాసార్లు గీతతో బయటపడుతుంది.

ఇంతవరకు నీళ్ళు అడ్డుకునే తీరు. తినే తీరు ఇంకా చిత్రంగా ఉంటుంది.

ప్రకటనలో ‘కొత్త జింకులు’ అన్నది పడవను ఒడ్డుకెత్తినప్పుడు కంటికి కనిపిస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్టు చుట్టూ బిగించిన గుండ్రటి లోహపు ముద్ద. కొత్తప్పుడు నున్నగా ఉంటుంది. ఏడాది పోయాక గుంటలు గుంటలుగా, తెల్లటి పొడి పట్టి, సగానికి అరిగి ఉంటుంది. అలా అరగడమే దాని పని. సముద్రపు నీటిలో కంచు ప్రొపెల్లరూ స్టీలు షాఫ్టూ కలిసి ఉంటే అదొక బ్యాటరీ అవుతుంది, అందులో బలహీనమైన లోహం కరుగుతుంది. వాటికి జింకును తగిలిస్తే అది మిగతావాటికన్నా సులువుగా ఎలక్ట్రాన్లు వదులుతుంది. జింకుకూ కంచుకూ మధ్య ముప్పావు వోల్టు దాకా తేడా ఉంటుంది. ఆ కొద్దిపాటి వోల్టేజీ ప్రొపెల్లర్‌ను కాపాడుతుంది, జింకు కరిగిపోతుంది. సగం పోతే మార్చాలి. కొత్త జింకు ఆరు నెలల్లోనే మాయమైతే దాని నాణ్యతను తిట్టుకోనక్కర్లేదు. పడవలోనో, పక్క పడవలోనో, గట్టు కరెంటు తీగలోనో ఎక్కడో విద్యుత్తు కారుతోందని అర్థం.

ఈ ఉపాయం హంఫ్రీ డేవీది. ఓడల అడుగున కొట్టిన రాగి రేకులు సముద్రంలో తినుకుపోతున్నాయని బ్రిటిష్ నౌకాదళం అడిగితే, 1824లో ఆయన జింకు, ఇనుము ముక్కలు తగిలించి చూపించాడు. ప్రయోగాల్లో మైకేల్ ఫారడే తోడున్నాడు. రసాయన శాస్త్రం ప్రకారం పూర్తిగా గెలిచాడు, రాగి కరగడం ఆగింది. ఓడలు మాత్రం నత్తగుల్లలతో, నాచుతో నిండిపోయి నడవలేకపోయాయి. కరిగే రాగే వాటికి విషమై ఇంతకాలం అడుగును శుభ్రంగా ఉంచుతోందని అప్పుడు తెలిసింది. నౌకాదళం ఆ ముక్కలు పీకించేసింది. డేవీకి అది పెద్ద దెబ్బే అయినా, రెండు సత్యాలూ నేటికీ పడవ మీద పక్కపక్కనే ఉన్నాయి. లోహాలకు జింకు, అడుగుకు రాగి కలిపిన రంగు. ఆ రాగి సాల్మన్ చేపలకు చేటని వాషింగ్టన్ రాష్ట్రం 2011లో చట్టం చేసి, తర్వాత అమలును వాయిదా వేసుకుంటూ వచ్చింది.

‘మంచినీటి రేవు’ అన్న మాట కొనేవాణ్ని ఇట్టే ఆకర్షిస్తుంది. సియాటెల్‌లో అది తేలికగా దొరుకుతుంది. నగరం మధ్యలోని లేక్ యూనియన్, బెల్‌వ్యూ పక్కనున్న లేక్ వాషింగ్టన్ 1917లో తెరిచిన బాలర్డ్ లాకుల ద్వారా సముద్రానికి కలిశాయి. అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే తెలుగువాళ్ళు వారాంతాల్లో ఆ లాకుల దగ్గర నిలబడి పడవలు ఎక్కీ దిగీ పోవడం చూస్తుంటారు. ఉప్పునీటి నుంచి సరస్సులోకి వస్తే అడుగున పట్టిన నత్తగుల్లలు చస్తాయి, లోహాలు తినుకుపోవడం మందగిస్తుంది. ఇంతవరకు లాభమే. అయితే మంచినీటిలో జింకు మీద గట్టి పొర పట్టి అది పనిచెయ్యడం మానేస్తుంది. అక్కడ మెగ్నీషియమో అల్యూమినియమో పెట్టాలి. సరస్సులో ఉంచిన పడవ జింకు ఏమాత్రం అరగలేదంటే సంతోషించడానికి లేదు.

ఇంకో నష్టం ఫైబర్‌గ్లాస్‌కు. పైన కనిపించే నున్నటి జెల్‌కోటు గుండా నీరు అణువు అణువుగా లోపలికి పోతుంది. లోపల పాలియెస్టర్ రెజిన్‌లో పూర్తిగా గట్టిపడని రసాయనాలు ఆ నీటిలో కరిగి చిక్కటి ద్రావణమవుతాయి. పలచటి నీరు చిక్కటి ద్రావణం వైపు పోవడం ఆస్మోసిస్ ధర్మం. ఎండు ద్రాక్ష నీళ్ళలో ఉబ్బినట్టే పడవ చర్మం కింద నీటి బుడగలు ఉబ్బుతాయి. బయటి నీరు ఉప్పగా ఉంటే ఈ లాగుడు కొంత తక్కువ, మంచినీరైతే ఎక్కువ. అంటే లోహానికి మేలు చేసిన సరస్సే పడవ ఒంటికి కీడు చేస్తుంది. బుడగను గుచ్చితే వెనిగర్ వాసన వేసే ద్రవం చిమ్ముతుంది, తెలిసినవాళ్ళు కళ్ళద్దాలు పెట్టుకుని గుచ్చుతారు. నాలుగైదు బుడగలుంటే బేరం చెడగొట్టుకోనక్కర్లేదు. అడుగంతా కాయలు కాస్తే జెల్‌కోటు గీకి, నెలల తరబడి ఆరబెట్టి, ఎపాక్సీ పూయాలి, ఆ బిల్లు చూసి కొన్నవాడు గుడ్లు తేలేస్తాడు. తర్వాతి కాలంలో పైపొరల్లో వినైల్ ఎస్టర్ రెజిన్ వాడటంతో ఈ బాధ చాలా తగ్గింది.

అందుకే కొనేవాడు తన ఖర్చుతో సర్వేయరును పెట్టుకుంటాడు. అతని చేతిలో ప్లాస్టిక్ తల ఉన్న చిన్న సుత్తి ఉంటుంది. డెక్కు మీద అడుగడుగునా తడుతూ పోతాడు. టంగుమంటే బాగున్నట్టు. దబ్బుమంటే రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ఉన్న చెక్క నానిందన్నమాట. ఆ నీరు ఎక్కణ్నించి వస్తుందంటే, రెయిలింగు బిగించడానికి ఎవరో పదిహేనేళ్ళ కిందట వేసిన స్క్రూ రంధ్రం చాలు. తేమ కొలిచే మీటరు కూడా ఉంటుంది కానీ, అనుభవమున్నవాళ్ళు ముందు చెవినే నమ్ముతారు.

తర్వాత నీళ్ళలో పరీక్ష. ఇంజను పూర్తిగా తిప్పమంటారు. కంపెనీ చెప్పిన చుట్లు 2,500 అయితే అంతా రావాలి. 2,300 దగ్గర ఆగిపోయిందంటే ప్రొపెల్లర్ కోణం ఎక్కువైనా కావాలి, అడుగున గుల్లలు పట్టైనా ఉండాలి, ఇంజను అలిసిపోయైనా ఉండాలి. నల్ల పొగ వస్తే మోయలేని బరువు లేదా గాలి చాలకపోవడం. నీలం పొగ వస్తే నూనె కాలుతోంది. తెల్లపొగ వేడెక్కినా పోకపోతే డీజిల్ సరిగ్గా మండటం లేదు, లేదా నీళ్ళు చేరుతున్నాయి. సముద్రపు నీళ్ళను పొగలో కలిపే ఇనప మోచేతి గొట్టం లోపల్నించి తుప్పు పట్టి ఉంటుంది, బయటికేమీ తెలియదు. అది చిల్లుపడితే ఉప్పునీరు వెనక్కి సిలిండర్లలోకి పోతుంది. విప్పి చూడమని ఒక్క భాగానికే పట్టుబట్టాల్సి వస్తే, నేను దీనికే పట్టుబట్టాలంటాను.

‘రెండు వేల గంటలు’ అన్న అంకె మంచిదా చెడ్డదా? ఇరవై ఏళ్ళకు రెండు వేలంటే ఏడాదికి వంద. పని టగ్గు ఇంజను అన్ని గంటలు ఒక్క ఏడాదిలోనే తిరగొచ్చు. తక్కువ గంటలు చూసి మురిసిపోయేవాళ్ళు, మిగిలిన కాలమంతా ఆ ఇంజను ఏం చేసిందో అడగరు. తడి గాలిలో ఊరికే నిలబడ్డ ఇంజను లోపల చెమ్మ చేరుతుంది, సిలిండర్ గోడలకు తుప్పు, పైపుల రబ్బరు పెళుసు. నెలకోసారి వేడెక్కేదాకా నడిపిన నాలుగు వేల గంటల ఇంజనే మేలని నా అభిప్రాయం.

దాన్ని తేల్చడానికి నూనె పరీక్ష ఉంది. ఇంజను ఆయిలు కొంచెం సీసాలో పట్టి ల్యాబుకు పంపుతారు. అక్కడ దాన్ని మండించి, వచ్చే కాంతిని రంగులుగా విడదీసి, ఏ లోహం పది లక్షల్లో ఎన్ని పాళ్ళుందో చెబుతారు. ఇనుము ఎక్కువైతే సిలిండర్లు అరుగుతున్నాయి. సీసం, రాగి కనిపిస్తే బేరింగులు. అల్యూమినియం అయితే పిస్టన్లు. సిలికాన్ ఉంటే దుమ్ము పోతోంది. సోడియం కనిపిస్తే నీళ్ళు, సముద్రపువో కూలెంటో, ఎక్కడో లోపలికి దారి చేసుకున్నాయి. అమ్మేవాడు పదేళ్ళ రిపోర్టులు వరసగా ఫైలులో పెట్టి చూపిస్తే ఇంకో నాలుగు వేల డాలర్లు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. ఒక్క రిపోర్టే ఉంటే మాత్రం సర్వేయరు ఆ అంకెలు చూడకముందే, నూనె ఎప్పుడు మార్చారు, మార్చాక ఎన్ని గంటలు నడిచింది అని అడుగుతాడు. నిన్న సాయంత్రం కొత్త నూనె పోసిన ఇంజనులో ఏ లోహమూ కనిపించదు.